బండి నెంబరే దారి చూపిస్తుంది
(వార్షిక సర్వసభ్య సమావేశంలో సభ్యులతో మాట్లాడిన మాటల పాఠం)



ఏటా ఈ సమావేశంలో పొదుపు ఎంత పెరిగింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి బాకీలు ఎంత కట్టాం అని చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈ కాసేపూ మనం ఒక వేరే సంగతి మాట్లాడుకుందాం. రోడ్డు మీద మన మనిషిని ఒక బండి గుద్దింది. ఆ బండికి బీమా ఉందా? ఉంటే ఏ కంపెనీది? ఆ వివరం మన చేతికి ఎట్లా వస్తుంది?

సంఘం మీటింగులో ఈ ముచ్చటెందుకు అంటారేమో. వాయిదా ఆగిపోయిన సభ్యురాలి ఇంటికి వెళ్లి అడిగితే ఒక్కోసారి వినిపించే జవాబు ఇదే కదమ్మా: "మా ఆయన కాలు విరిగి మంచాన ఉన్నాడు, గుద్దినవాడు ఆసుపత్రికని ఏదో కాస్త చేతిలో పెట్టి వెళ్లిపోయాడు." ఆపరేషన్‌కి అప్పు, ఇల్లు గడవడానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ సంఘంలో అప్పు. ఇవ్వాల్సింది ఆ బండికి బీమా చేసిన కంపెనీ. మోస్తున్నది మాత్రం మన సభ్యురాలు, ఆమె కోసం పూచీ ఉన్న మిగతా తొమ్మిది మంది. అందుకే ఇది మన పద్దులోకి వచ్చే విషయమే.

రోడ్డు మీద రాజీ

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. థర్డ్ పార్టీ అంటే బండి యజమానీ కాదు, కంపెనీ కూడా కాదు. మూడో మనిషి, అంటే రోడ్డు మీద నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, ఎదురు బండిలో ఉన్నవాళ్లు. అంటే మనమే. ఆ పాలసీ కట్టించుకునేది మన కోసం. కాబట్టి దాని వివరం అడగడం ఎవర్నీ బతిమాలుకోవడం కాదు, దానం అడగడం అంతకంటే కాదు.

అయితే రోడ్డు మీద జరిగేది వేరు. నలుగురు పెద్దమనుషులు చేరతారు. "కేసంటే ఏళ్లూ పూళ్లూ తిరగాలమ్మా, ఇదిగో ఈ డబ్బు ఉంచుకో" అంటారు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. దెబ్బ ఎంత లోతుగా తగిలిందో ఆ గంటలో డాక్టరుకే తెలియదు, మనకెట్లా తెలుస్తుంది? లోపల ఎముక చిట్లినా, తలలో రక్తం గడ్డకట్టినా బయటపడేది తర్వాతే. అందుకని సంఘం తరఫున మేము చెప్పేది ఒకటే. స్కానింగు, ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేదాకా ఏ కాగితం మీదా సంతకం వద్దు, ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

ముందు ప్రాణం, ఆ వెంటనే నెంబరు

ముందు 108కి ఫోన్ చేయాలి. పోలీసు కావాలంటే 112. దెబ్బతిన్న మనిషిని ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు, ఆసుపత్రివాళ్లు ఇబ్బంది పెట్టకూడదని 2019 సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది. కాబట్టి "మనకెందుకొచ్చిన సాక్ష్యం" అని వెనక్కి తగ్గొద్దు. 2025 మే 5 నుంచి కేంద్రం నగదు లేని వైద్యం పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల దాకా, 1,50,000 రూపాయల వరకు పథకంలో చేరిన ఆసుపత్రిలో వైద్యం చేయాలి. గుద్దిన బండి ఎవరిదో తేలేదాకా ఆగాల్సిన పని లేదు. చేర్చేటప్పుడే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

మనిషి ఆసుపత్రికి బయలుదేరగానే రెండో పని బండి నెంబరు. సెల్లు చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే నాలుగు ఫొటోలు తీయాలి. నెంబరు ప్లేటు, బండి మొత్తం, రెండు బండ్లూ ఉన్న చోటు, దగ్గర్లో కిలోమీటరు రాయో, దుకాణం బోర్డో, కాలవ వంతెనో కనపడేట్టు ఒకటి. ప్లేటు పగిలిపోతే కారు, లారీ ముందు అద్దానికి లోపల అంటించిన స్టిక్కరు మీద కూడా నెంబరు ఉంటుంది. సెల్లు లేకపోతే చేతి మీద పెన్నుతో రాసుకోండి, పిల్లల చేత గుర్తు పెట్టించండి.

నెంబరు పూర్తిగా కావాలి, చివరి 4 అంకెలు చాలవు. ఒకప్పుడు ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం అని తెలిసేది. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 మొదలైంది. దాన్నిబట్టి ఏ జిల్లా బండో చెప్పలేం. 39 తర్వాత వచ్చే అక్షరాలు తప్పిపోతే వెతకడం గడ్డివాములో సూది వెతికినట్టే. తెలంగాణ బండ్లకు 2024 మార్చి దాకా టీఎస్, ఆ తర్వాత టీజీ ఉంటుంది. వేగంలో రెండూ ఒకేలా కనపడతాయి, సరిగ్గా చూసుకోండి.

మన డెల్టాలో ఇంకో సంగతి ఉంది. ట్రాక్టరుకు ఒక నెంబరు, వెనక తొట్టికి వేరే నెంబరు ఉంటాయి. రెండూ రాసుకోవాలి. తొట్టి తగిలి దెబ్బ తగిలినప్పుడు తొట్టికి బీమా ఉందా లేదా అన్న పేచీ వస్తుంది. ఆర్టీసీ బస్సయితే నెంబరుతో పాటు డిపో పేరు చూడండి. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు చోట్లా డిపోలున్నాయి. సంస్థ సొంత బస్సయితే పరిహారం సంస్థే ఇస్తుంది, అద్దె బస్సయితే దాని యజమాని చేయించిన బీమా ఉంటుంది. అందుకని సొంత బస్సా, అద్దె బస్సా అన్నది అడిగి రాసుకోవాలి.

డ్రైవరు పేరు, ఫోన్ నెంబరు, వీలైతే లైసెన్సు ఫొటో కూడా తీసుకోవచ్చు. ఇవ్వనంటే చొక్కా పట్టుకోవాల్సిన పనేమీ లేదు. మనకు చూపించకపోయినా పోలీసు అడిగితే బీమా కాగితం చూపించి తీరాలి. మన పని బండి నెంబరును పోలీసు రికార్డులోకి ఎక్కించడం.

నెంబరు నుంచి బీమా దాకా

మొదటి దారి సెల్లులోనే ఉంది. కేంద్ర రవాణా శాఖది ఎం పరివాహన్ అనే యాప్ ఉంది. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా తీసి ఇస్తారు. బండి నెంబరు కొడితే ఏ రకం బండి, ఎప్పుడు రిజిస్టరైంది, బీమా ఏ తేదీ దాకా ఉంది అన్నవి కనిపిస్తాయి. యజమాని పేరు పూర్తిగా చూపించదు. కొన్ని పాత బండ్ల వివరాలు రాకపోవచ్చు. రాకపోతే బీమా లేదని అనుకోకండి, అక్కడ ఎక్కలేదని మాత్రమే అర్థం.

రెండో దారి హైదరాబాదులో ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 2009లో పెట్టింది. కంపెనీలన్నీ తాము చేసిన వాహన పాలసీల వివరాలు అక్కడికి పంపాలి. దాని వెబ్‌సైటులో వీ సేవ అనే చోట బండి నెంబరు, ప్రమాదం తేదీ ఇచ్చి ఏ కంపెనీ పాలసీయో వెతకొచ్చు. ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ల కోసమే ఈ ఏర్పాటు. అయితే ఈమధ్యే కట్టిన పాలసీ అక్కడ ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. ఒకసారి దొరక్కపోతే కొన్నాళ్లకు మళ్లీ చూడండి.

ఈ రెండు దారులూ తెలుసుకోవడానికి బాగానే ఉన్నాయి. కోర్టులో నిలబడేది మాత్రం మూడో దారి, పోలీసు స్టేషన్. ఎఫ్‌ఐఆర్ కట్టించాలి, అందులో బండి నెంబరు సరిగ్గా పడిందో లేదో చదివించుకుని సంతకం చేయాలి. కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. వేమూరు, భట్టిప్రోలు వైపు నుంచి వచ్చేవాళ్లకి, 216 జాతీయ రహదారి మీద పోయేవాళ్లకి "ఇది మా స్టేషన్ కాదు" అన్న మాట ఎదురవచ్చు. ఏ స్టేషన్లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, సంబంధించిన స్టేషన్‌కి పంపాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. మనిషిని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి ఔట్‌పోస్టులో కూడా ప్రమాదం ఎక్కడ జరిగిందో, ఏ బండి గుద్దిందో చెప్పి రాయించండి. "కిందపడ్డాడు" అని రాస్తే తర్వాత మనకే ఇబ్బంది.

కేసు కట్టాక పోలీసులు చేయాల్సిన పనికి కూడా గడువులున్నాయి. 2022 నిబంధనల ప్రకారం 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, ఫారం 1, ట్రిబ్యునల్‌కి పంపాలి. 10 రోజుల్లో బాధితుల హక్కులు రాసి ఉన్న ఫారం 2 మనకివ్వాలి. బండి డ్రైవరు ఫారం 3, యజమాని ఫారం 4, రెండూ 30 రోజుల్లో నింపి పోలీసులకివ్వాలి. బీమా వివరాలు వాళ్లే అక్కడ రాసి ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి చేరాలి. ఇవి గట్టిగా పాటించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 15న రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. పని ఒత్తిడిలో ఆలస్యం జరగొచ్చు. మనం గొడవ పడక్కర్లేదు. "సార్, ఫారం 1 కాపీ ఇప్పించండి, యజమాని ఫారం 4 ఇచ్చారా?" అని పేరు పెట్టి అడిగితే చాలు. అడగడం తెలిసిన మనిషికి జవాబు వేరేగా వస్తుంది. ప్రమాదంలో ఉన్న బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి ఇచ్చే రిపోర్టు కాపీ కూడా అడిగి ఉంచుకోండి.

స్టేషన్లో ఇవ్వకపోతే? 160వ సెక్షన్ ఉంది. పరిహారం అడిగే హక్కున్న మనిషి కోరితే రవాణా శాఖ ఆఫీసువాళ్లు గానీ స్టేషన్ అధికారి గానీ నిర్ణయించిన ఫీజు కట్టించుకుని ఆ బండి వివరాలు, యజమాని పేరు, చిరునామా ఇవ్వాలి. అర్జీ రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

పాలసీ కాగితం చేతికొచ్చాక

ఇక్కడ నాలుగు చూడాలి. ఒకటి, తేదీతో పాటు గంట. ప్రమాదం పొద్దున 9 గంటలకు జరిగి, పాలసీ మధ్యాహ్నం 2 నుంచి మొదలైతే అది మనకు పనికిరాదు. గుద్దాక పరుగెత్తి పాలసీ కట్టేవాళ్లూ ఉంటారు. రెండు, అది థర్డ్ పార్టీదా. 2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్న కొత్త మోటారు సైకిలుకు 5 ఏళ్లు, కొత్త కారుకు 3 ఏళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత బండి డ్యామేజీ బీమా ఏడాదికే అయిపోయినా మన భాగం నడుస్తూనే ఉండొచ్చు. "బీమా అయిపోయిందండీ" అంటే నమ్మి తిరిగి రావొద్దు. మూడు, పేరు. "ఈ బండి ఎప్పుడో అమ్మేశాం" అంటారు. బండి చేతులు మారితే దాంతోపాటు థర్డ్ పార్టీ బీమా కూడా వెళ్తుందని 157వ సెక్షన్ చెబుతోంది. నాలుగు, ఎంతమందికి. ఆటో పర్మిట్ ఎంతమందికో ఆ లెక్కే కంపెనీ చూస్తుంది.

మిరపకోతలకు, నాట్లకు తొట్టిలో వెళ్లే అక్కలు ఈ మాట జాగ్రత్తగా వినండి. సరుకు మోసే బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఆ బండి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది. ఎదురుగా వచ్చి గుద్దిన బండి తప్పుంటే దాని బీమా మాత్రం వర్తిస్తుంది. అందుకే అలాంటప్పుడు రెండు బండ్ల నెంబర్లూ కావాలి. అన్నిటికంటే మేలు, మనుషులు ఎక్కే బండిలోనే వెళ్తామని మేస్త్రీతో పనికి ముందే మాట్లాడుకోవడం.

బీమా లేకపోతే, బండే దొరక్కపోతే

బీమా లేని బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ 3 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కానీ ఆ జరిమానా మనకు రాదు. మన పరిహారం యజమాని సొంత ఆస్తి నుంచి రావాలి. ప్రమాదం నాటికి బీమా లేని బండిని, యజమాని తగిన పూచీ పెట్టకుండా విడుదల చేయకూడదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి బీమా లేదని తేలిన రోజే వకీలును కలవాలి. బండి వెళ్లిపోయాక పట్టుకోవడం కష్టం.

గుద్ది పారిపోయి బండి ఆచూకీ లేకపోతే చనిపోయినవాళ్ల కుటుంబానికి 2,00,000, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50,000 రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అంతకుముందు ఇది 25,000, 12,500 ఉండేది. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి. మనకు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆర్డీఓ ఆఫీసులున్నాయి. నెల రోజుల్లో బండి దొరక్కపోతే ఈ పథకం సంగతి బాధితులకు పోలీసులే చెప్పాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆదేశించింది. చెప్పకపోతే మనమే అడగాలి.

గడువు, సాయం

బీమా కంపెనీ పేరు తెలిశాక మోటారు ప్రమాదాల క్లెయిమ్ ట్రిబ్యునల్లో 166వ సెక్షన్ కింద అర్జీ వేయాలి. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలని చట్టం సవరించారు. ఈ 6 నెలలు మనిషి మంచాన ఉండగానే గడిచిపోతాయి. అందుకే సంఘం కలగజేసుకోవాలి. ప్రమాదం గుంటూరులో జరిగినా, ఒంగోలులో జరిగినా మనం ఉండే ప్రాంతపు ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు. డ్రైవరుకు లైసెన్సు లేదని తెలిసినా ఆగొద్దు. అలాంటి చాలా కేసుల్లో కంపెనీ ముందు మనకు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పాయి.

వకీలు ఫీజుకు భయపడే పనీ లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. గాయపడింది ఇంటి ఇల్లాలయితే "ఆమెకేం సంపాదన ఉంది" అంటారు. ఇంటి చాకిరీకి విలువ కట్టి పరిహారం లెక్క వేయాలని సుప్రీంకోర్టు 2021 జనవరిలో మళ్లీ గట్టిగా చెప్పింది. కూలికి, కుట్టు మిషనుకు, పాడికి వెళ్లే మనకైతే ఆ సంపాదన కూడా లెక్కలోకి రావాలి. మన పొదుపు పుస్తకం, పాలకేంద్రం చీటీలు, అప్పు వాయిదాలు కట్టిన రసీదులు, ఇవన్నీ మన సంపాదనకు సాక్ష్యాలే. ఏడాదికి 20 రూపాయలతో కట్టే సురక్షా బీమా ఉన్నవాళ్లు అది కూడా అడగాలి. అది వేరు, గుద్దిన బండి బీమా వేరు.

మన బండ్ల సంగతి

సంఘం అప్పుతో మన ఇళ్లలోనూ ఆటోలు కొన్నాం, మోటారు సైకిళ్లు కొన్నాం. వాటి పాలసీ తేదీ మనలో ఎంతమందికి తెలుసు? ఎదుటివాళ్ల బండికి బీమా ఉండాలని కోరుకునే మనం ముందు మన బండికి చూసుకోవాలి. మన ఆటో తగిలి పక్క ఊరి చెల్లెలు మంచాన పడితే, బీమా లేకపోతే మన ఇల్లే కోర్టు బోను ఎక్కుతుంది.

కాబట్టి అన్ని సంఘాలకూ మా విన్నపం ఇది. వచ్చే నెల సమావేశంలో పొదుపు వసూలు అయ్యాక ఒక అరగంట తీయండి. ప్రతి ఇంటి బండి నెంబరు, పాలసీ చివరి తేదీ మీటింగు పుస్తకంలో వెనక పేజీలో రాయండి. 108, 112, 15100 పక్కనే రాయండి. యాప్ వాడటం తెలిసిన ఒక అమ్మాయిని ఎంచుకుని మిగతావాళ్లకు నేర్పించండి. ఎవరింట్లో ప్రమాదం జరిగినా ఇద్దరు సభ్యులు వెంటనే వెళ్లాలి. ఒకరు ఆసుపత్రికి, ఒకరు స్టేషన్‌కి. దెబ్బ తిన్న ఇంటివాళ్లు ఆ వేళ ఏడుస్తుంటారు, నెంబరు రాసుకునే స్థితిలో ఉండరు. ఆ పని మనది.

పది రూపాయల పొదుపుతో మొదలుపెట్టి బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడే దాకా వచ్చాం. స్టేషన్లో, ట్రిబ్యునల్లో కూడా అంతే నిబ్బరంగా మన కాగితం మనం అడుగుదాం.

 జాగ్రత్తగా ఇళ్లకు చేరండి.